అద్దెకు తెచ్చిన రాక్షసులు

(రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఆ వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకొస్తే బాగుంటుంది. తెర మీద కామిక్ పేజీలు చూపిస్తాను, అంత దూరం నుంచి మీకు అక్షరాలు కనపడవు. రండి, పర్లేదు, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ ఒకే రకం కామిక్స్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఒక పక్క సూపర్‌హీరోల జట్టు. జస్టిస్ లీగ్ కావచ్చు, ఎవెంజర్స్ కావచ్చు, ఎక్స్-మెన్ కావచ్చు. ఇంకో పక్క సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోంచి వచ్చిన రాక్షసి. గాడ్జిల్లా, ఏలియన్, ప్రెడేటర్. వీళ్లని ఒకే కథలోకి తెచ్చి కొట్టుకోమంటారు. క్రాసోవర్ అంటారు దీన్ని. ఇలాంటి పుస్తకం చేతికి రాగానే ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటే. ఎవరు గెలుస్తారు?

నన్నడిగితే కథ చదవకముందే దీనికి జవాబు చెప్పొచ్చు. ఎలాగంటారా? మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలుంటాయి చూడండి, ఈ పాత్ర హక్కులు ఫలానా కంపెనీవి, ఆ పాత్ర హక్కులు ఫలానావాళ్లవి అని. ఎవరూ చదవరు. అది చదవండి చాలు. ఆ రాక్షసి ఎవరి సొత్తు, ఎవరు లైసెన్సు మీద తెచ్చుకున్నారు, ఇది తెలిస్తే కథలో ఏం జరగదో తెలిసిపోతుంది.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. ఖాళీ చేసే రోజున ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పాలి. క్రాసోవర్‌లో రాక్షసి సంగతీ అంతే. చివరి పేజీకల్లా గాడ్జిల్లా ఎలా వచ్చిందో అలా సముద్రంలోకి వెళ్లిపోవాలి. హీరో ఎలా ఉన్నాడో అలా వచ్చే నెల తన సొంత పత్రికలో కనిపించాలి. ఇద్దరు ఓనర్లు, ఇద్దరి సొత్తూ చెక్కుచెదరకూడదు. మరి అలాంటప్పుడు కథ అనేది ఎక్కడ పుడుతుంది? అదీ నా ప్రశ్న.

కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు సూపర్‌హీరోల జట్లు పుట్టడమే రాక్షసుల మధ్య పుట్టాయి. 1960లో డీసీ కంపెనీ ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 28వ సంచికలో జస్టిస్ లీగ్‌ని మొదటిసారి చూపించింది. రాసింది గార్డ్‌నర్ ఫాక్స్, బొమ్మలు వేసింది మైక్ సెకౌస్కీ. ఇదిగో కవర్. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, వండర్ ఉమన్, ఆక్వామ్యాన్, మార్షియన్ మాన్‌హంటర్. వీళ్లందరికీ ఎదురుగా ఏముంది? నక్షత్ర చేప. ఒంటి కన్ను, కొండంత ఒళ్లు, అంతరిక్షం నుంచి వచ్చింది. పేరు స్టారో. అంత గొప్ప జట్టుకి మొట్టమొదటి శత్రువు ఒక చేప!

నవ్వకండి. కథ వినండి. స్టారో హ్యాపీ హార్బర్ అనే ఊరి జనాన్ని తన వశం చేసుకుంటుంది. ఊరు ఊరంతా లొంగిపోతుంది, స్నాపర్ కార్ అనే కుర్రాడు తప్ప. వీడొక్కడు ఎందుకు లొంగలేదు? అంతకు ముందు ఇంటి ముందు గడ్డి మీద సున్నం చల్లుతున్నాడు, అది వాడి ఒంటికి అంటింది. అంతే సంగతి. అమెరికాలో ఆల్చిప్పలు పెంచేవాళ్లు వాటిని తినేసే నక్షత్ర చేపల్ని చంపడానికి నిజంగానే సున్నం చల్లేవాళ్లు. ఫాక్స్ ఆ ముక్క పట్టుకొచ్చి కథ ముగించేశాడు. భూమిని జయించడానికొచ్చిన రాక్షసికి జట్టంతా కలిసి సున్నం కొట్టేశారు. నాకు చాలా ఇష్టం ఈ కథంటే.

మరుసటి ఏడాది, 1961 నవంబరు తేదీతో మార్వెల్ కంపెనీ వాళ్ల ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక. స్టాన్ లీ, జాక్ కర్బీ. ఈ కవర్ చూడండి. నడిరోడ్డు పగలగొట్టుకుని ఒక పచ్చటి రాక్షసి పైకి లేస్తోంది. హీరోలు దాని చుట్టూ చిన్నగా ఉన్నారు. వాళ్లకి అప్పటికి యూనిఫాం కూడా లేదు, మూడో సంచికలో గానీ రాలేదు. సూపర్‌హీరోల పుస్తకం అని ఎవరైనా అనుకుంటారా దీన్ని? రాక్షసి పుస్తకంలాగే ఉంది. ఎందుకంటే అప్పటిదాకా కర్బీ నెల నెలా వేస్తున్నది రాక్షసుల్నే. ఫిన్ ఫాంగ్ ఫూమ్ అనే డ్రాగన్ సరిగ్గా దీనికి ముందు నెల తేదీతో వచ్చింది. మీకు సినిమాల వల్ల తెలిసిన గ్రూట్ కూడా 1960లో భూమి మీద పడ్డ ఒక రాక్షసి చెట్టు, అంతే.

ఇన్ని రాక్షసులు ఎక్కడి నుంచి వచ్చాయి? 1954లో అమెరికా కామిక్స్ పబ్లిషర్లు తమకి తామే ఒక నియమావళి పెట్టుకున్నారు, కామిక్స్ కోడ్ అని. దెయ్యాల కామిక్స్ మీద గొడవలు ముదిరాక పెట్టుకున్నది. రక్త పిశాచాలు వద్దు, తోడేలు మనుషులు వద్దు, లేచి నడిచే శవాలు వద్దు అన్నారు. అంతరిక్షం నుంచి వచ్చే వంద అడుగుల జంతువు వద్దని మాత్రం ఎవరూ అనలేదు. దాంతో భయమంతా ఆ దారి పట్టింది.

ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి. స్టారో, ఫిన్ ఫాంగ్ ఫూమ్, ఆ రోడ్డు కింది పచ్చ రాక్షసి, ఇవన్నీ ఆయా కంపెనీలు సొంతంగా పుట్టించుకున్నవి. చంపుకోవచ్చు, మళ్లీ బతికించుకోవచ్చు, జోకరుగా మార్చుకోవచ్చు. అడిగేవాడు లేడు. మన చందమామ సీరియళ్లలో చిత్ర గారు బొమ్మలు వేసిన రాక్షసులూ అంతే కదా, ఆ పత్రికలో పుట్టి ఆ పత్రికలోనే చచ్చేవి.

బయటి రాక్షసిని లైసెన్సు మీద తెచ్చుకుని జట్ల మధ్యలో వదిలిన మొదటి పెద్ద ప్రయత్నం 1977లో జరిగింది. జపాన్ టోహో కంపెనీ దగ్గర మార్వెల్ గాడ్జిల్లా హక్కులు తీసుకుంది. డగ్ మెంచ్ రచన, హెర్బ్ ట్రింప్ బొమ్మలు, 1979 దాకా మొత్తం 24 సంచికలు. వీళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, గాడ్జిల్లాని వేరే లోకంలో పెట్టలేదు. స్పైడర్‌మ్యాన్ తిరిగే అమెరికాలోనే వదిలారు. షీల్డ్ అనే గూఢచారి సంస్థ తన మనిషి డమ్ డమ్ డుగన్‌ని దాని వెనక పంపిస్తుంది. మూడో సంచికలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఛాంపియన్స్ అనే జట్టు అడ్డం పడుతుంది. అందులో హెర్క్యులిస్, బ్లాక్ విడో లాంటివాళ్లు. చివరికొచ్చేసరికి ఫెంటాస్టిక్ ఫోర్, ఎవెంజర్స్ కూడా దిగుతారు.

ఇక ఇబ్బంది మొదలైంది. ఎవెంజర్స్‌లో థోర్ ఉన్నాడు. థోర్ గాడ్జిల్లాని కొట్టి పడేస్తే టోహో ఊరుకుంటుందా? గాడ్జిల్లా థోర్‌ని తొక్కేస్తే మార్వెల్ ఊరుకుంటుందా? మెంచ్ ఏం చేశాడో చెప్తాను, మీరు నమ్మరు. గాడ్జిల్లాని చిన్నది చేసేశాడు! యాంట్‌మ్యాన్ కథల్లో హాంక్ పిమ్ కనిపెట్టిన గ్యాస్ ఉంది కదా, అది వదిలారు. ఎలకంత అయిపోయింది. ఎలకంత అని ఊరికే అనట్లేదు, న్యూయార్క్ మురుగు కాలువలో గాడ్జిల్లా నిజంగా ఒక ఎలకతో పోట్లాడుతుంది. తర్వాత మెల్లగా పెరుగుతూ వస్తుంది, మధ్యలో డైనోసార్ల కాలానికి వెళ్లొస్తుంది, మళ్లీ పూర్తి సైజుకి వస్తుంది, న్యూయార్క్‌లో ఎవెంజర్స్‌తో తలపడుతుంది, 24వ సంచిక చివర సముద్రంలోకి నడిచి వెళ్లిపోతుంది. తెచ్చింది తెచ్చినట్టు అప్పజెప్పారు.

చాలామంది ఈ సిరీస్‌ని వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. ఓనర్ గోడ మీద మేకు కొట్టొద్దంటే మెంచ్ ఇల్లంతా తలకిందులు చేసి చూపించాడు, గోడ మీద గీత పడకుండా. దీనికి ఒక తోక కూడా ఉంది. ఈ సిరీస్‌లో గాడ్జిల్లాని ఎదిరించడానికి రెడ్ రోనిన్ అని ఒక పెద్ద రోబోని పుట్టించారు. లైసెన్సు అయిపోయింది, గాడ్జిల్లా పోయింది. రోబో మార్వెల్ సొంతం కాబట్టి ఉండిపోయింది, మరుసటి ఏడాదే ఎవెంజర్స్ మీదకి వచ్చింది. గాడ్జిల్లాని కూడా పూర్తిగా వదల్లేక, 1985లో ‘ఐరన్ మ్యాన్’లో రూపం కాస్త మార్చి, పేరెత్తకుండా ఒకసారి తీసుకొచ్చారు. చదివినవాళ్లందరికీ తెలుసు అది ఎవరో. పేరు మాత్రం లేదు!

అద్దె కట్టకుండా

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తున్నాను. 1979లో ‘ఏలియన్’ సినిమా వచ్చింది. ఎక్స్-మెన్ రాస్తున్న క్రిస్ క్లేర్‌మాంట్ మీద అది గట్టిగా పనిచేసింది. ఆయన దగ్గర లైసెన్సు లేదు. మరి ఏం చేశాడు? కథలోని భయాన్ని తీసుకుని రాక్షసిని మార్చేశాడు.

‘ఎక్స్-మెన్’ 143వ సంచిక, 1981 మార్చి తేదీ. బొమ్మలు జాన్ బర్న్. ఆయన రెగ్యులర్‌గా వేసిన ఎక్స్-మెన్‌లో ఇదే ఆఖరిది. క్రిస్మస్ ముందు రాత్రి. జట్టంతా తలో దిక్కుకీ వెళ్లిపోయారు. అంత పెద్ద భవనంలో ఒక్కతే మిగిలింది కిట్టీ ప్రైడ్. పదమూడేళ్ల పిల్ల, జట్టులో కొత్తగా చేరింది. గోడల్లోంచి దూరిపోగలదు, అంతే, అంతకు మించి ఏ శక్తీ లేదు. ఇంట్లోకి ఒక పిశాచం వస్తుంది. ఎన్‌గరాయ్ అనే జాతిది. ఈ పేజీలు చూడండి. ముందు ఏదో చప్పుడు. తర్వాత పొడుగాటి చేతులు, గోళ్లు. పిల్ల పరిగెడుతుంది. గోడలోంచి దూరితే అది గోడ పగలగొట్టుకుని వస్తుంది. జట్టు రోజూ సాధన చేసే డేంజర్ రూమ్‌లోకి దాన్ని లాగుతుంది, అక్కడ మరలూ కత్తులూ అన్నీ ఉన్నాయి, అయినా చావదు. ఆఖరికి విమానం ఉండే చోటికి తీసుకెళ్లి, బ్లాక్‌బర్డ్ జెట్‌లో తను కూర్చుని, పిశాచం ఇంజన్ వెనక్కి వచ్చేదాకా కాచుకుని, ఇంజన్ ఆన్ చేస్తుంది. ఆ మంటలో అది కాలిపోతుంది.

సినిమా చూసినవాళ్లకి ఇది ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. చివర హీరోయిన్ రిప్లీ ఏలియన్‌ని ఓడ బయటికి నెట్టి ఇంజన్ మంటతో తరిమేస్తుంది కదా. దాచిపెట్టలేదు వాళ్లు, బాహాటంగానే తీసుకున్నారు. నేను చెప్పదల్చుకున్నది వేరే. ఎక్స్-మెన్‌లో పది మందీ ఇంట్లో ఉంటే ఈ కథ ఉండేదా? వుల్వరిన్ ఉంటే నాలుగో పేజీకి అయిపోయేది. భయం పుట్టాలంటే జట్టుని ఇంట్లోంచి పంపించెయ్యాలి! జట్టుకీ ఇలాంటి రాక్షసికీ ఒక పేజీలో పొసగదు. ఒకడే మిగిలినప్పుడు రాక్షసి రాక్షసిగా ఉంటుంది, పది మంది వచ్చారా, అది చితగ్గొట్టించుకునే బొమ్మ అవుతుంది.

క్లేర్‌మాంట్‌కి ఈ సంగతి తెలుసు. అందుకే మరుసటి ఏడాది డేవ్ కాక్రమ్‌తో కలిసి బ్రూడ్ అనే జాతిని పుట్టించాడు, 155వ సంచికలో. కందిరీగల్లాంటి గ్రహాంతర జీవులు, మనిషి ఒంట్లో గుడ్డు పెడతాయి. ఆ గుడ్డు పెరిగి మనిషే బ్రూడ్‌గా మారిపోతాడు. జట్టంతటికీ ఎక్కించేశాడు! ఇప్పుడు రాక్షసి బయట లేదు, మీ పక్కన కూర్చున్న స్నేహితుడి పొట్టలో ఉంది. ఎంత బలం ఉన్నా ఎవర్ని కొడతారు? 162వ సంచిక మొత్తం వుల్వరిన్ ఒక్కడే. వాడి ఒళ్లు తనంతట తనే గాయాలు మానుకుంటుంది కాబట్టి గుడ్డుని చంపేస్తుంది, కానీ ఎంత నరకం పడి! ఆ తర్వాత వాడికి తట్టే ఆలోచన ఇంకా ఘోరం. నేను బయటపడ్డాను, మిగతావాళ్లు పడరు. అవసరమైతే నేనే వాళ్లని చంపాలి. చివర ప్రొఫెసర్ ఎగ్జేవియర్‌లోనే బ్రూడ్ రాణి పెరుగుతోందని తేలుతుంది. ఆయన పాత శరీరం పోతుంది, కొత్తగా తయారు చేసిన శరీరంలోకి ఆయన మనసుని మారుస్తారు. దాంతో చక్రాల కుర్చీలోంచి లేచి నడుస్తాడు.

ఆలోచించండి. రాక్షసి వల్ల జట్టు నాయకుడి ఒళ్లే మారిపోయింది. అద్దె రాక్షసితో ఇది కుదురుతుందా? పదేళ్ల తర్వాత ఆ సంచిక మళ్లీ అచ్చు వెయ్యాలంటే అవతలి కంపెనీ గుమ్మం ముందు నిలబడాలి. బ్రూడ్ అయితే ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే అవి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

సరే, ముందుకి పోదాం. 1986లో ఆరిగన్ రాష్ట్రంలో డార్క్ హార్స్ అని ఒక చిన్న కంపెనీ మొదలైంది. 1988లో ఏలియన్స్ కామిక్స్, ఆ మరుసటి ఏడాది ప్రెడేటర్ కామిక్స్ వేసింది. లైసెన్సు ఆ సినిమాలు తీసిన ఫాక్స్ స్టూడియోది. ఏలియన్‌నీ ప్రెడేటర్‌నీ కలిపి కొట్టించింది కూడా మొదట ఈ కామిక్స్‌లోనే, సినిమాల కంటే చాలా ముందు. ఆ ఊపులో డీసీతో చేతులు కలిపారు. 1991లో బ్యాట్‌మ్యాన్ వర్సెస్ ప్రెడేటర్, 1995లో సూపర్‌మ్యాన్, ఏలియన్స్. ఒక్కొక్క హీరోతో పని బాగానే నడిచింది. బ్యాట్‌మ్యాన్ మామూలు మనిషే కాబట్టి ప్రెడేటర్ మొదటి భాగంలోనే వాణ్ణి చావగొడుతుంది, మంచం పడతాడు. సూపర్‌మ్యాన్‌ని సూర్యుడికి దూరంగా తీసుకెళ్లి బలం తగ్గించారు. అప్పుడు గానీ ఏలియన్ పిల్ల ఆయన ఛాతీలో పెరగడానికి వీలు కాలేదు. మళ్లీ మన సూర్యుడి వెలుగు తగలగానే దాన్ని కక్కేస్తాడు. మేకు కొట్టారు, పీకేశారు, చిల్లు పూడ్చేశారు.

ఈ పుస్తకాలు చదివేటప్పుడు ఒక సరదా లెక్క వేసుకోండి. ఎవరు చస్తారు? ఆ కథ కోసమే పుట్టినవాళ్లు చస్తారు. బ్యాట్‌మ్యాన్ కథలో బాక్సర్లు, సూపర్‌మ్యాన్ కథలో అంతరిక్ష కేంద్రం మనుషులు. ముందు నెల వరకూ మనం పేరు వినని పాత్ర ఒకటి వచ్చి, తన పిల్లల గురించి రెండు ముక్కలు మాట్లాడిందనుకోండి, ఇక అయిపోయినట్టే.

జట్టు దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే తలనొప్పి. 2000లో జస్టిస్ లీగ్ వర్సెస్ ప్రెడేటర్ వచ్చింది. జాన్ ఆస్ట్రాండర్ రాశాడు, మంచి రచయితే. సూపర్‌మ్యాన్, వండర్ ఉమన్, ఫ్లాష్ ఉన్న జట్టు ముందు ప్రెడేటర్ ఎంతసేపు నిలబడుతుంది? అందుకని ఆ ప్రెడేటర్లకి జస్టిస్ లీగ్ శక్తులే ఇప్పించారు, డామినేటర్లనే గ్రహాంతర జాతి చేత. ఎగిరే ప్రెడేటర్, మెరుపులా పరిగెత్తే ప్రెడేటర్. అయ్యా, అలాంటప్పుడు అది ప్రెడేటర్ ఎందుకు? చెట్టు మీద కనపడకుండా కూర్చుని మాటు వేసేది ప్రెడేటర్. అది ఎగిరితే అందులో మిగిలేది ముఖం ఒక్కటే. నాకు ఆ పుస్తకం నచ్చలేదు. నచ్చినవాళ్లు ఉంటే తర్వాత మాట్లాడుకుందాం.

1998

ఇప్పుడు చెప్పబోయే పుస్తకం కోసమే నేను ఇవాళ ఒప్పుకున్నాను. ‘వైల్డ్‌క్యాట్స్, ఏలియన్స్’. 1998 ఆగస్టు. ఒకటే సంచిక, పలచటి పుస్తకం. రాసింది వారెన్ ఎలిస్, పెన్సిల్‌తో బొమ్మలు వేసింది క్రిస్ స్ప్రౌస్, వాటి మీద ఇంకు దిద్దింది కెవిన్ నౌలాన్. ఈ నౌలానే సూపర్‌మ్యాన్ ఏలియన్స్ పుస్తకానికీ బొమ్మలు పూర్తి చేశాడు. ఏలియన్ నల్లటి తల మీద ఆ వెలుగు గీత ఎక్కడ పెట్టాలో ఆయన చేతికి తెలుసు.

అప్పుడు జిమ్ లీ నడిపే వైల్డ్‌స్టార్మ్ అనే సంస్థ ఉండేది. అందులో రెండు జట్లు మనకి ముఖ్యం. ఒకటి వైల్డ్‌క్యాట్స్. రెండోది స్టార్మ్‌వాచ్, ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేసే జట్టు, స్కైవాచ్ అనే అంతరిక్ష కేంద్రంలో ఉంటారు. స్టార్మ్‌వాచ్ పత్రికని కూడా ఎలిసే రాస్తున్నాడు. బాగా రాస్తున్నాడు. కానీ ఆ పత్రిక మూతపడబోతోంది, 11వ సంచికతో ఆపేస్తున్నారు.

కవర్ మీద ఎవరి పేరుంది? వైల్డ్‌క్యాట్స్. మామూలు క్రాసోవర్ అనుకుని కొంటారు ఎవరైనా. కథలో వైల్డ్‌క్యాట్స్ స్కైవాచ్‌కి వెళ్తారు. తలుపు తెరిచేసరికి లోపల ఏలియన్స్ పని ఎప్పుడో అయిపోయింది. స్టార్మ్‌వాచ్ జట్టులో సగానికి పైగా చచ్చిపోయారు. ఫారన్‌హైట్, హెల్‌స్ట్రైక్, ఫుజి. ఏళ్ల తరబడి మనం చదువుతూ వచ్చిన మనుషులు. వాళ్లకి ఆఖరి పోరాటం లేదు, ఆఖరి మాట లేదు. చాలామంది చావు మనం చూడనే చూడం. అతిథులుగా వచ్చినవాళ్లకి శవాలు కనిపిస్తాయి, అంతే. మిగిలిన కొద్దిమందిని బయటికి పంపిస్తారు. నాయకుడు వింటర్ లోపలే ఉండిపోయి, ఏలియన్స్‌తో సహా ఆ కేంద్రాన్ని సూర్యుడిలోకి తీసుకెళ్లిపోతాడు.

ఎలిస్ ఎంత నిర్దయగా చేశాడో చూడండి. మిగతావాళ్లంతా రాక్షసి బలం పెంచారు, లేకపోతే హీరో బలం తగ్గించారు. ఈయన రెండూ చెయ్యలేదు. ఏలియన్ సినిమాలో ఎలా ఉందో అలాగే ఉంది. గాలిలో ఎగిరేవాళ్లు, ఒళ్లంతా మంటగా మారేవాళ్లు ఇరుకు నడవాల్లో చిక్కుకున్నారు, ఏం జరుగుతోందో తెలిసేలోపు ఆలస్యం అయిపోయింది. నేను చదివిన జట్టు క్రాసోవర్లన్నిటిలో రాక్షసి నిజంగా గెలిచింది ఈ ఒక్క దాంట్లోనే.

ఎందుకు గెలిచింది? ఏలియన్ బలం వల్లా? అబ్బే. స్టార్మ్‌వాచ్ ఓనర్‌కి ఆ మనుషులతో ఇక పని లేదు కాబట్టి. వచ్చే నెల వాళ్లని రాక్‌లో పెట్టి అమ్మాల్సిన అవసరం లేదు. ఫాక్స్ ఏలియన్‌ని చెక్కుచెదరకుండా తిరిగి అడుగుతుంది, ఇచ్చేశారు. వైల్డ్‌క్యాట్స్‌ని చెక్కుచెదరకుండా ఉంచాలి, ఉంచారు. మధ్యలో ఎవరికీ అక్కర్లేని జట్టు ఒకటి దొరికింది. ఎలిస్ దాని మీద పడ్డాడు.

పాపం స్టార్మ్‌వాచ్ పత్రిక మాత్రమే కొనేవాళ్ల సంగతి ఆలోచించండి. 10వ సంచిక చదివారు. 11 తెరిస్తే జట్టు లేదు, మిగిలినవాళ్లు ఏడుస్తున్నారు. ఏం జరిగిందో వేరే పేరున్న పుస్తకంలో ఉంది. అప్పటి పాఠకులు తిట్టుకున్నారంటే న్యాయమే. నేనైతే ఇది అమ్మకం ఎత్తు అనుకోను. రాక్షసి వస్తున్నట్టు వాళ్లకి ముందే ఎవరూ చెప్పలేదు, సరిగ్గా ఆ జట్టుకి చెప్పనట్టే.

తర్వాతేమయింది? చావని వాళ్లలో ముగ్గురు, జెన్నీ స్పార్క్స్, జాక్ హాక్స్‌మూర్, స్విఫ్ట్, ఇంకో నలుగురితో కలిసి 1999లో కొత్త జట్టు కట్టారు. దాని పేరు ది అథారిటీ. బ్రయన్ హిచ్ బొమ్మలు. ఆ తర్వాతి దశాబ్దంలో సూపర్‌హీరో కామిక్స్ కనిపించే తీరు మారిందంటే దాని వల్లే. ఆ పెద్ద పెద్ద అడ్డ ప్యానెల్సు, సినిమా చూస్తున్నట్టు ఉండేవి, అక్కడి నుంచే అందరికీ అంటుకున్నాయి. ఎలిస్, హిచ్ కలిసి చేసిన ఆఖరి కథలో జట్టు ముందు ఎవర్ని నిలబెట్టారు? చంద్రుడంత గ్రహాంతర జీవి. భూమి తనదేనని, శుభ్రం చేసుకోవడానికి తిరిగొచ్చింది. జెన్నీ స్పార్క్స్ దాని మెదడు దాకా వెళ్లి కరెంటు పెట్టి చంపేస్తుంది, ఇరవయ్యో శతాబ్దం ముగిసే క్షణంలో తనూ చనిపోతుంది. ఈసారి రాక్షసీ సొంతం, హీరోయినూ సొంతం. ఇద్దర్నీ చంపుకున్నారు, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా.

ఇక ఇప్పటి సంగతి త్వరగా చెప్పి ఆపేస్తాను, టైము దగ్గర పడింది. 2019 మార్చిలో డిస్నీ ఫాక్స్‌ని కొనేసింది. మార్వెల్ అప్పటికే డిస్నీది. అంటే ఏలియన్, ప్రెడేటర్, ఎవెంజర్స్ ఒకే ఓనర్ కిందకి వచ్చేశాయి. డార్క్ హార్స్ ముప్పై ఏళ్లు కాపాడుకున్న లైసెన్సు పోయింది. 2023లో ప్రెడేటర్ వర్సెస్ వుల్వరిన్ వచ్చింది, 2024లో జోనాథన్ హిక్‌మన్, ఎసాద్ రిబిచ్ కలిసి ఏలియన్స్ వర్సెస్ ఎవెంజర్స్ మొదలుపెట్టారు. 2025లో అయితే ప్రెడేటర్ మార్వెల్ ప్రపంచం మొత్తాన్ని చంపేస్తుందని పేరులోనే పెట్టేశారు.

ఓనర్ ఒక్కడే అయినప్పుడు ఇక అడ్డేముంది, ఇష్టమొచ్చినట్టు చంపొచ్చు కదా అంటారు. నేనూ ముందు అలాగే ఆశపడ్డాను. అయితే హిక్‌మన్ కథ ఎప్పుడు జరుగుతుంది? భవిష్యత్తులో ఎప్పుడో. మామూలు ఎవెంజర్స్ పత్రికకి దాంతో సంబంధం లేదు. ప్రెడేటర్ అందర్నీ చంపే నెలలోనే పక్కన రాక్‌లో వాళ్లందరి పత్రికలూ ఉంటాయి. రిబిచ్ బొమ్మలు మాత్రం అద్భుతం, వాటి కోసమైనా చూడండి. ఓనర్ ఒక్కడైనంత మాత్రాన సొత్తు పాడుచేసుకోడు, ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాడు, రెండూ తనవే కాబట్టి.

గాడ్జిల్లా ఇప్పటికీ టోహోదే. 2025లో మార్వెల్ మళ్లీ తెచ్చుకుంది. ఫెంటాస్టిక్ ఫోర్‌తో కలిపిన కథలో మూడు తలల కింగ్ గిడోరా, లోకాల్ని మింగే గలాక్టస్‌కి దూతగా వస్తుంది. రాసింది రయన్ నార్త్. సరదాగా ఉంటుంది, మెంచ్‌కి మనవడిలా రాశాడు. అవతల డీసీ 2023లోనే జస్టిస్ లీగ్, గాడ్జిల్లా, కాంగ్ ముగ్గుర్నీ కలిపి ఏడు సంచికలు వేసింది. మీలో చాలామంది గాడ్జిల్లా, కాంగ్ సినిమాని తెలుగు డబ్బింగులో చూసే ఉంటారు, ఆ సినిమా తీసిన లెజెండరీ వాళ్ల గాడ్జిల్లానే ఇది. డీసీ, లెజెండరీ, వెనకాల టోహో. అన్ని సంతకాలు ఉన్నచోట మొదట్లోనే గాడ్జిల్లా సూపర్‌మ్యాన్‌ని కొట్టి కోమాలోకి పంపిస్తుంది. చదువుతుంటే ఒక్క క్షణం గుండె ఆగుతుంది, ఒప్పుకుంటాను. కానీ కోమా అన్నారు గమనించండి. చావు అనలేదు.

దానికి రెండో భాగం కూడా 2025లో మొదలైంది. కొత్తగా చదవబోయేవాళ్లు సూపర్‌మ్యాన్ ఏమైపోతాడో అని టెన్షన్ పడకండి. జట్టులో మీకు పేరు గుర్తురానివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం పడండి. నా పక్క నుంచి ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, మైకు అటు పంపిస్తారు.